ఎడమచేత్తో పెట్టిన కంకి

పతకాలు, జ్ఞాపక నాణేలు చేసే కార్ఖానాలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసి, యాభై మూడో ఏట మానేశాను. ప్రెస్సు చప్పుడుకి కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి సగం పోయాయి. మానడానికి కారణం అంతే. అందులో దాచవలసిందీ లేదు, బాధపడవలసిందీ లేదు. ఈమధ్య ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ళు ఇద్దరు ముగ్గురు మా ఇంటికి వచ్చి, లెక్కలు ఎలా వేసేవారని అడుగుతున్నారు. లెక్కలు చెప్పడం తేలిక, ఒక కాగితం చాలు. ఆ కాగితంలోకి రాని సంగతి ఒకటుంది. అది చెప్పడానికి మాత్రం ఇన్ని కాగితాలు కావలసి వచ్చాయి.

చెల్లని నాణేల పని

మా కార్ఖానా సికింద్రాబాద్‌లో, బోయిగూడ సందుల్లో ఉండేది. నేను మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో వచ్చి స్టేషన్ నుంచి నడిచేవాణ్ణి. పద్నాలుగు వందల అడుగులు. వానాకాలం నీళ్ళు తప్పుకుంటూ వెళితే పదహారు వందలు.

ఉమ్మడి రాష్ట్రం రోజులవి. పటాలాలవాళ్ళు, స్కూళ్ళవాళ్ళు, క్లబ్బులవాళ్ళు, రకరకాల సంఘాలవాళ్ళు మా దగ్గరికి వచ్చేవారు. చెల్లే నాణేలు సర్కారు టంకశాల పని. మాది చెల్లని నాణేల పని. వాటి మీద విలువ అంకె ఉండదు. బజారులో ఇస్తే ఎవరూ తీసుకోరు. అద్దాల బీరువాలో మాత్రం చెల్లే నాణేలకంటే ఎక్కువ కాలం ఉంటాయి.

హాజరు పుస్తకంలో నా పేరు ఎదురుగా ‘హెల్పర్’ అని ఉండేది, చివరి రోజు దాకా అదే ఉంది. చేసింది మాత్రం లెక్క. నేను చదివింది పదో తరగతి. మిగతాది స్టేషన్ ముందు ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల్లోంచి నేర్చుకున్నాను. నలభై మిల్లీమీటర్ల వ్యాసం, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న ఇత్తడి బిళ్ళ ముప్పై ఒకటిన్నర గ్రాములు దాటుతుందని కోయకముందే చెప్పగలిగేవాణ్ణి. తూచి చూస్తే అర గ్రాము అటూ ఇటూ వచ్చేది. అది చూసి జనం ఆశ్చర్యపోయేవారు. ఆశ్చర్యపడేంత విద్య ఏమీ కాదు అది. కానీ ఆశ్చర్యపోతుంటే వద్దనలేదు నేను. ఆ అలవాటు మంచిది కాదని తరువాత తెలిసింది.

చేరిన మొదటి ఏడాది ఒక క్లబ్బువారి నాణెం చేశాం. ఒకవైపు వ్యవస్థాపకుడి తల, రెండోవైపు క్లబ్బు మేడ. రెండూ సరిగ్గా నడిమధ్యన పెట్టించాను, చూడ్డానికి కొలతగా ఉంటుందని. కొట్టి చూస్తే ఆయన ముక్కు చదునుగా వచ్చింది. దెబ్బ పెంచాం. అయినా ముక్కు లేవలేదు. అప్పుడు అచ్చు చెక్కే మాస్టరు నా పక్కకు వచ్చి నిలబడి అన్నారు.

“బిళ్ళలో ఇత్తడి ఎంతుందో అంతేనయ్యా. మేడకి పోసిందంతా మేడ తీసుకుంది. ఇంక ముక్కుకి ఎక్కడినుంచి వస్తుంది?”

ఒకవైపు ఎత్తుగా ఉన్నచోట రెండోవైపు పల్లంగా ఉంచాలనే సూత్రం నేను ఆ రోజు నేర్చుకున్నాను. ఏ పుస్తకంలోనూ లేదు అది, కనీసం ఫుట్‌పాత్ పుస్తకాల్లో లేదు.

దైవసహాయం మాస్టరు

ఆ మాస్టరు పేరు దైవసహాయం. గుంటూరు వైపు మనిషి. వాళ్ళ నాన్నగారు అచ్చాఫీసులో బొమ్మల దిమ్మలు చెక్కేవారట. ఈయన ఆ చేతిపని ఉక్కు మీదికి తెచ్చుకున్నారు. బోయిన్‌పల్లిలో కాపురం. ఉదయం స్టూలు మీద కూర్చోగానే కళ్ళు మూసుకుని అర నిమిషం ప్రార్థన చేసుకుని, ఉలి తీసేవారు.

కొత్తవాళ్ళ కోసం ఒక మాట. నాణెం మీద ఉబ్బెత్తుగా కనపడేది అచ్చులో గుంటగా ఉంటుంది. నాణెం మీద కుడివైపు ఉన్నది అచ్చులో ఎడమవైపు ఉంటుంది. అంటే అచ్చు చెక్కేవాడు ప్రతిదాన్నీ తిరగేసి చూడాలి. మాస్టరు నలభై ఏళ్ళుగా అలా తిరగేసి చూస్తున్న మనిషి. పత్రికలో ఫొటో చూసినా దాని అచ్చు ఎలా ఉంటుందో ఆయనకి ముందు కనపడేది.

నేను చెప్పబోయే సంగతి నాటికి ఆయన కుడి కంట్లో పొర కమ్ముతోంది. ఎవరికీ చెప్పలేదు. నాకు తెలియడానికి కారణం కొలత. తొమ్మిది అంగుళాల దూరంలో పెట్టుకుని చెక్కే అచ్చుని ఏడాదిలో ఆరు అంగుళాలకి తెచ్చుకున్నారు. నేను ఏమీ అడగకుండా, బొమ్మని ఐదింతలు పెంచి గళ్ళ కాగితం మీద గీసి, లోతులు పక్కన రాసి, అచ్చు కోసం తిరగేసి మరీ ఆయనకి ఇవ్వడం మొదలుపెట్టాను. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. దాన్ని మంచితనం అనుకున్నాను.

నాపరాళ్ళ సంఘం

ఒకరోజు ఎల్లారెడ్డి గారని, ఒక ప్రాంతపు నాపరాళ్ళ గనుల సంఘం అధ్యక్షుడు వచ్చారు. వాళ్ళ సంఘానికి పాతికేళ్ళు నిండుతున్నాయి. గనుల్లో పనిచేసే ఎనిమిది వందల మందికీ తలా ఒక నాణెం ఇవ్వాలని తీర్మానం. ఒకవైపు వాళ్ళ పరిశ్రమ: బండ, దాని మీద సుత్తి, ఉలి. రెండోవైపు ఆ ప్రాంతపు పాత సంస్థానం చిహ్నం. ఆ చిహ్నం ఉన్న ఇత్తడి ముద్రని ఒక ఇంట్లోంచి అడిగి, తువ్వాలులో చుట్టి తెచ్చారు. వెనకటికి దాన్ని కరిగిన లక్క మీద ఒత్తి కాగితాలకి ముద్ర వేసేవారట. నిలబడ్డ దొర ఒక చేత్తో జొన్న కంకి అందిస్తున్నాడు, ఇంకో చెయ్యి నడుముకున్న కత్తి పిడి మీద ఉంది. అక్షరాలు లేవు.

“కరువుల గాదెలు తెరిపిచ్చిన దొర సార్ ఈయన,” అన్నారు ఎల్లారెడ్డి గారు. “మా దిక్కు ముసలోళ్ళు ఇప్పటికీ చెప్తరు. కూలోళ్ళ చేతుల పెట్టేది, జెర మంచిగ రావాలె.”

ఆయన ఇంకా చాలా చెప్పారు. ఆ సమయంలో నేను ముద్రని తూస్తున్నాను. నూట పన్నెండు గ్రాములు.

ఆయన వెళ్ళాక మా యజమాని రామ్‌కిషన్ గారు అందరినీ పిలిచారు. మేం సేఠ్ అనేవాళ్ళం. మనిషి మంచివాడే. జబ్బు చేస్తే ఇంటికి వచ్చి చూసేవాడు. కానీ మాట ముందు, ఆలోచన తరువాత. అప్పటికి కొద్ది రోజుల ముందే ఎక్కడో అచ్చు చెక్కే మిషన్ చూసి వచ్చాడు.

“సునో, అందరు ఇనుండ్రి,” అన్నాడు. “చేతిపనికి టైం చానా పడుతున్నది. ఈ నాణెం మంచిగొస్తే ఆ స్టూలు మీద మాస్టరు కూసుంటడు. రాకుంటే మిషన్ కూసుంటది. గంతే.”

మాస్టరు అక్కడే ఉన్నారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఇంకో ఐదారేళ్ళు పనిచేస్తే తప్ప గడవని ఇల్లు ఆయనది. ఆ సంగతి సేఠ్‌కీ తెలుసు.

పదో వంతు మిల్లీమీటరు దాకా

ముద్రని లక్క మీద ఒత్తి చూశాను. గీతలు కొంచెం చెదిరాయి. ముద్ర మీదనే గీతలు పదునుగా ఉన్నాయి. కాబట్టి లక్కని పక్కన పెట్టి, నేరుగా ముద్ర మీద కొలతలు తీసుకున్నాను. రెండు రోజులు పట్టింది. భుజాల వెడల్పు, కంకి పొడవు, కత్తి పిడి, మోకాళ్ళ మధ్య ఖాళీ, ముప్పై నాలుగు కొలతలు. ప్రతి ఒక్కటీ పదో వంతు మిల్లీమీటరు దాకా. వాటితో గళ్ళ కాగితం నింపాను. అలవాటు ప్రకారం దాన్ని కిటికీ అద్దానికి ఆనించి, తిరగేసి గీసి మాస్టరుకి ఇచ్చాను.

పొరపాటు అక్కడ జరిగింది. లక్క మీద ఒత్తే ముద్ర కూడా ఒక అచ్చే. అది ముందే తిరగబడి ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు చెక్కితే చాలు. నేను దాన్ని ఇంకోసారి తిరగేశాను. దానితో అచ్చులో దొర కుడి ఎడమలు మారిపోయాయి. నా ముప్పై నాలుగు కొలతల్లో ఒక్కటి కూడా తప్పు లేదు. ఆ మనిషి ఏ చేత్తో పెడుతున్నాడనేది మాత్రం ఏ కొలతలోనూ లేదు.

మాస్టరు పన్నెండు రోజులు చెక్కారు. మధ్యలో రెండుసార్లు నా కాగితం తెమ్మని, వెలుతురులో పట్టుకుని చూసి, తిరిగి ఇచ్చేశారు.

“అంతా సరిగ్గానే ఉందా అయ్యా, లెక్క?” అన్నారు రెండోసారి.

“పక్కా మాస్టరూ. రెండుసార్లు చూసిన.”

చూసింది నిజమే. కొలతలు చూశాను.

సేఠ్‌కి ఒక పద్ధతి ఉండేది. నమూనా చూపిస్తే గిరాకీవాళ్ళు మార్పులు చెబుతారని, ముందే కొన్ని వందలు కొట్టించి, అప్పుడు పిలిచేవాడు. ఈ పద్ధతి తెలివైనదని నేను కూడా అనుకునేవాణ్ణి. అలా రెండు వందల నాణేలు కొట్టాక ఎల్లారెడ్డి గారికి కబురు వెళ్ళింది.

ఏందిది సార్

ఎల్లారెడ్డి గారు వచ్చి మొదట బండ, సుత్తి, ఉలి ఉన్నవైపు చూసి సంతోషించారు. ఉలి మొన అరిగినట్టు చెక్కారు మాస్టరు. అది చూసి, “మావోళ్ళ ఉలి గిట్లనే ఉంటది,” అని నవ్వారు. తరువాత రెండోవైపు తిప్పారు. కొంచెంసేపు చూసి నాణెం బల్ల మీద పెట్టి, తన రెండు చేతులూ ఆ బొమ్మలో ఉన్నట్టు పెట్టి చూసుకున్నారు. ఒకటి నడుము మీద, ఒకటి ముందుకు. ముందుకు చాచింది ఎడమ చెయ్యి.

“ఏందిది సార్? మా దొర ఎడమ చేత్తోటి పెడుతుండా?”

నేను నాణెం తీసి చూశాను. చూడగానే అర్థమైంది. ఎక్కడ తప్పిందో నా తల వెంటనే పట్టేసుకుంది కూడా. లక్క, ముద్ర, కిటికీ అద్దం. మూడు సెకన్లు పట్టి ఉంటుంది.

సేఠ్ అంతకంటే చురుకు. “అరె రెడ్డిసాబ్, దొర అంటె వీరుడు గద,” అన్నాడు. “వీరుని కుడి చెయ్యి ఎప్పుడు కత్తి మీదనే ఉండాలె. పెట్టుకుంట పెట్టుకుంట సుత తయారుగ ఉన్నడు. పాత ముద్రలల్ల గిట్లనే ఉంటది. మావోడు సదివిండు గవన్ని.” మావోడు అంటే నేను.

ఎల్లారెడ్డి గారు నావైపు చూశారు. “అట్లనా?” అన్నారు. నమ్మాలనే ఉంది ఆయనకి. నాణేలు పంచే సభకి పదహారు రోజులే ఉన్నాయి.

ఆ క్షణంలో నా ముందు ఏముందో దాచకుండా రాస్తాను. అవునంటే నాణెం వెళ్ళిపోతుంది, మాస్టరు స్టూలు మిగులుతుంది, నా తప్పు ఎవరికీ తెలియదు. కాదంటే మాస్టరు పోవచ్చు. అబద్ధం చెప్పడానికి నాకు ఒక మంచి కారణం కూడా ఉంది, అది ఇంకొకరి అన్నం. అయితే ఆ నాణెం ఎనిమిది వందల మంది చేతుల్లోకి వెళుతుంది. వాళ్ళలో ఒక్కడైనా ఎల్లారెడ్డి గారిలాగే చేతులు పెట్టి చూసుకుంటాడు. ఎడమచేత్తో పెట్టిన అన్నం ఎలాంటిదో మనలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ రోజున అందరూ వేలు చూపేది అచ్చు మీద, అచ్చు చెక్కిన చెయ్యి మీద. లెక్క కాగితం ఎవరికి గుర్తుంటుంది?

“కాదు సార్,” అన్నాను. “ముద్రల కుడి చెయ్యే ఉన్నది. నేను ఉల్టా గీసిన. మాస్టరు నా కాగితం చూసి చెక్కిండు. గలతీ నాది.”

సేఠ్ ముఖం ఎర్రబడింది. “నిన్నెవలన్న అడిగిన్రా?”

“సార్ అడిగిండు గద.”

ఎల్లారెడ్డి గారు నాణేన్ని ఇంకోసారి తిప్పి చూశారు. “పొరపాటైతదిలే,” అన్నారు. “గాని గిది నేను పంచలేను. మల్ల చేస్తరా? టైముల ఇస్తరా?”

అప్పుడు నేను లెక్క వేశాను. చెక్కడం పన్నెండు రోజులు. అచ్చుని కాల్చి గట్టిపరచడం ఒకటి. ఎనిమిది వందలకీ రెండేసి దెబ్బలు, మధ్యలో మళ్ళీ కాల్చి మెత్తబరచడం, మూడు. మెరుగు, డబ్బాలు, రెండు. మొత్తం పద్దెనిమిది. ఉన్నవి పదహారు. పైకే చెప్పాను.

“రెండు దినాలు తక్కువ,” అన్నాడు సేఠ్. “అయితే అయింది, కాకుంటే ఆ స్టూలు ఖాళీ. నీ కుర్చీ సుత.”

మాస్టరు స్టూలు మీద నుంచి లేచి వచ్చారు. “తొమ్మిది రోజుల్లో చెక్కుతాను,” అన్నారు.

తొమ్మిది రోజులు

ఆ మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటున్నప్పుడు అడిగాను.

“పన్నెండు రోజుల పని తొమ్మిదింటిల ఎట్లయితది మాస్టరూ?”

“మొదటిసారి పన్నెండు ఎందుకు పట్టింది? అందులో మూడు రోజులు ఆ చెయ్యి ఎటుండాలా అని ఆలోచిస్తూ కూర్చున్నానయ్యా.”

“అంటే మీకు తెలుసా?”

“నలభై ఏళ్ళు ఇదే పని. అచ్చులో పెట్టే చెయ్యి ఎటుంటే నాణెం మీద ఎటు వస్తుందో తెలియదా? మొదటి రోజే అనుమానం వచ్చింది.”

“మరి అడగకపోతిరి?”

ఆయన మజ్జిగ డబ్బా మూత పెట్టారు. “అడిగితే ఏమంటారు? ముసలాడికి చెయ్యి ఏదో కాలు ఏదో కూడా కనపట్టల్లేదు అంటారు. సేఠ్ ఏమన్నాడో విన్నావుగా. నీ కాగితం మీద అంకెలన్నీ అంత పక్కాగా ఉన్నాయి. నువ్వేమో రెండుసార్లు చూశానన్నావు. నా కన్నే మోసం చేస్తుందేమో అనుకున్నాను.”

మేమిద్దరం ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని, పన్నెండు రోజుల పాటు ఆయన కంటి సంగతి ఒకరి దగ్గర ఒకరం దాచిపెట్టి, ఆ దాచిపెట్టడంలో ఒక అచ్చు పోగొట్టాం.

రెండోసారి మాస్టరు నా కాగితం తీసుకోలేదు. “ఆ లక్క ఇటివ్వు,” అన్నారు. ముద్రని తానే లక్క మీద ఒత్తుకున్నారు. లక్క బిళ్ళ ఒకవైపు, ఇత్తడి ముద్ర ఒకవైపు పెట్టుకుని, రెంటినీ వేలితో తడిమి చూసుకుంటూ చెక్కారు. రోజుకి నాలుగైదుసార్లు మెత్తటి మైనం ముద్ద అచ్చులో ఒత్తి తీసి నాకు ఇచ్చేవారు.

“ఏ చెయ్యి?”

“కుడి చెయ్యి మాస్టరూ.”

“కత్తి?”

“ఎడమ నడుముకి.”

“సరే.”

ఈ మాటలు ఆ తొమ్మిది రోజుల్లో నలభైసార్లు అయినా అనుకుని ఉంటాం. ఒకసారి సేఠ్ వచ్చి నిలబడి విని, “ఏందీ, పిల్లలకు పాఠం చెప్తున్నవా?” అని వెక్కిరించాడు. “కుడి కంట్లో పొర వచ్చింది సేఠ్‌గారూ, అందుకని అడుగుతున్నాను,” అన్నారు మాస్టరు తల ఎత్తకుండా. సేఠ్ వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

అచ్చు తొమ్మిదో రోజు సాయంత్రం అయింది. నాణేలు పదిహేనో రోజున డబ్బాల్లోకి ఎక్కాయి. పాత రెండు వందలూ కరగడానికి వెళ్ళాయి. సేఠ్ స్వయంగా లెక్కపెట్టి పంపాడు, ఒక్కటి కూడా మిగల్లేదు.

నేను చెప్పగలిగింది

తప్పు నాది. ఇందులో వాటాలు లేవు. కానీ ఆ తప్పుని మొదటి రోజే పట్టుకోగలిగిన మనిషి కార్ఖానాలో ఒకడున్నాడు, అతను నోరు మూసుకున్నాడు. మూయించింది సేఠ్ అన్న ఒక్క మాట, దాని మీద నేను అన్న ‘పక్కా’. పై అధికారులు కాబోయేవాళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే. పని పోతుందని బెదిరించి చేయించుకున్న పనిలో, మీకు వినపడవలసిన ప్రశ్న వినపడదు. లెక్క వేసేవాళ్ళకి చెప్పేది ఇంకా చిన్నది. ఎవరైనా ‘సరిగ్గా ఉందా’ అని రెండోసారి అడిగితే జవాబు చెప్పకండి. ఎందుకు అడుగుతున్నారో అడగండి.

సభ అయిన వారానికి సేఠ్ మాస్టరుని లోపలికి పిలిచాడు. మాతో పాటు మాస్టరు కూడా అంతా అయిపోయిందనుకున్నారు. తలుపు తీసే ఉంది, మాటలు బయటికి వినపడ్డాయి.

“ఆపరేషన్ చేయించుకోండ్రి. ఆరు వారాలు రాకుండ్రి.”

“మిషన్?”

“మిషన్ వచ్చినప్పుడు చూద్దాం తీయ్. స్టూలు ఎవ్వలకియ్య.”

ఆరు వారాల తరువాత మాస్టరు మందపాటి అద్దాలతో వచ్చారు. అర నిమిషం కళ్ళు మూసుకున్నారు. తెరిచి, నమూనాగా ఉంచిన నాపరాళ్ళ నాణెం అడిగి తీసుకుని, కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూశారు.

“పెట్టే చెయ్యి పొట్టిదైందయ్యా,” అన్నారు.

తీసుకుని కొలిచాను. భుజం నుంచి మోచేతి దాకా కుడి చెయ్యి ఎడమ చెయ్యికంటే మిల్లీమీటరులో మూడు పదో వంతులు తక్కువ.

“అవును మాస్టరూ. మూడు పాయింట్లు.”

“ఎనిమిది వందలూ ఇలాగే వెళ్ళాయా?”

“పోయినయి.”

“ఎవరైనా అడిగారా?”

“ఎవరు అడగలేదు.”

“అయితే నేను అడుగుతున్నాను. ఎందుకు పొట్టిదైంది?”

గట్టిగానే అడిగారు, సేఠ్‌కి వినపడేంత. నాకు తెలియదని చెప్పాను. ఆయన తన స్టూలు నా బల్ల దగ్గరికి జరుపుకున్నారు. నేను లక్క బిళ్ళ, ముద్ర, అచ్చు మూడూ తెచ్చి వరసగా పెట్టాను. మొదటి కొలత ఆయన చెప్పారు, నేను రాసుకున్నాను.